కొలువుల వేటకు అధ్యక్షుడి బలి

వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో 1881 జులై 2 ఉదయం అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ రైలెక్కబోతుండగా వెనక నుంచి రెండు తూటాలు పేలాయి. కాల్చింది చార్లెస్ గిటో. రిపబ్లికన్ పార్టీ గెలుపునకు తన ప్రసంగమే కారణమని నమ్మిన గిటో, ప్రతిఫలంగా పారిస్‌లో కాన్సుల్ పదవి కావాలంటూ వైట్‌హౌస్ చుట్టూ, విదేశాంగ శాఖ చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. 79 రోజులు మృత్యువుతో పోరాడిన గార్‌ఫీల్డ్ సెప్టెంబర్ 19న కన్నుమూశారు. గిటోను మరుసటి ఏడాది ఉరి తీశారు.

అతని మతి చలించిందన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. మతి సంగతెలా ఉన్నా, అతని కోరికలో మాత్రం ఆనాటి లెక్కల ప్రకారం వింతేమీ లేదు. 1829లో ఆండ్రూ జాక్సన్ అధికారంలోకి వచ్చినప్పటి నుంచి గెలిచిన పార్టీ తన వారికి కొలువులు పంచడం రివాజైపోయింది. అధ్యక్షుడు మారితే ఊరి పోస్ట్‌మాస్టర్ కూడా మారాల్సిందే. కొలువు దక్కినవారు జీతంలో కొంత శాతాన్ని పార్టీ నిధికి సమర్పించుకోవాలి. ఇవ్వనివారి ఉద్యోగానికి భరోసా ఉండదు.

ఈ పద్ధతికి నిలువెత్తు నిదర్శనం న్యూయార్క్ కస్టమ్స్ హౌస్. దేశానికి వచ్చే దిగుమతి సుంకాల్లో సగానికి పైగా అక్కడే వసూలయ్యేవి. సెనేటర్ రోస్కో కాంక్లింగ్ ముఠా చేతిలో ఉన్న ఆ కార్యాలయానికి 1871లో అధిపతి అయిన వ్యక్తి చెస్టర్ ఆర్థర్. దిగుమతిదారులపై వేసే జరిమానాల్లో అధికారులకు చట్టబద్ధంగానే వాటా దక్కేది. 1874లో కాంగ్రెస్ ఆ వాటాను రద్దు చేసింది. విచారణలో అక్రమాలు బయటపడడంతో 1878లో అధ్యక్షుడు హేస్ ఆర్థర్‌ను పదవి నుంచి తప్పించారు. రెండేళ్లు తిరిగేసరికి పార్టీలో ముఠాల మధ్య రాజీ కోసం అదే ఆర్థర్‌కు ఉపాధ్యక్ష పదవి దక్కింది. ఇక ఆర్థరే అధ్యక్షుడని గిటో అరిచింది అందుకే. ఆ కేక ఆర్థర్‌ను జీవితాంతం వెంటాడే మచ్చ కావచ్చు. అయితే ఆయన అనుచరులు ఊహించనిది జరిగింది. 1882 కాంగ్రెస్ ఎన్నికల్లో రిపబ్లికన్లు చిత్తుగా ఓడాక సంస్కరణ బిల్లు వేగంగా కదిలింది. ఒహాయో డెమోక్రాట్ సెనేటర్ జార్జ్ పెండిల్టన్ ప్రతిపాదించిన ఆ బిల్లుపై 1883 జనవరి 16న ఆర్థరే సంతకం చేశారు.

ఇందులో భారతదేశానికీ ఒక లంకె ఉంది. చట్టాన్ని రూపొందించిన న్యాయవాది డార్మన్ ఈటన్ అంతకుముందే హేస్ కోరిక మేరకు బ్రిటన్ పద్ధతిని అధ్యయనం చేశారు. బ్రిటన్ సంస్కరణకు 1854లో నివేదిక రాసినవారిలో ఒకరైన చార్లెస్ ట్రెవెల్యాన్ కలకత్తాలో ఉద్యోగం చేసినవారే. భారత సివిల్ సర్వీసుకు 1855లోనే లండన్‌లో పోటీ పరీక్ష మొదలైంది.

కొత్త చట్టం పోటీ పరీక్ష పరిధిలోకి మొదట తెచ్చింది ఫెడరల్ ఉద్యోగాల్లో పదో వంతునే. అయితే పరిధిని విస్తరించే అధికారం అధ్యక్షుడికి దక్కింది. దిగిపోయే అధ్యక్షులు తాము నియమించినవారిని కాపాడుకునేందుకు ఆ అధికారాన్ని వాడారు. అలా స్వార్థమే సంస్కరణను ముందుకు నడిపింది. మరోవైపు గుమాస్తాల జేబుల నుంచి వచ్చే సొమ్ము తగ్గడంతో పార్టీలు బడా కంపెనీల విరాళాల వైపు మళ్లాయి. ఒక తలుపు మూస్తే మరో తలుపు తెరుచుకుంది.

ఆ వివాదం ఇంకా సమసిపోలేదు. విధాన నిర్ణయాలతో సంబంధమున్న ఉద్యోగులను తేలిగ్గా తొలగించేందుకు 2020లో డొనాల్డ్ ట్రంప్ ఉత్తర్వు జారీ చేశారు. 2021లో జో బైడెన్ దాన్ని రద్దు చేశారు. 2025లో ట్రంప్ మళ్లీ తెచ్చారు. ఎన్నికైన నాయకుడి మాట చెల్లాలని ఒకరు, ఉద్యోగి విధేయత చట్టానికే ఉండాలని మరొకరు. ఆర్థర్ సంతకం ఆ తగువును తీర్చలేదు, దానికో హద్దు మాత్రం గీసింది.