పరుల యుద్ధానికి కదలినవారు

తన ఊరికి ఆపద వచ్చినప్పుడు కర్ర పట్టుకొని బయలుదేరడం ఎవరికైనా సహజమే. తనకు జానెడు నేల లేని దేశంకోసం, తన భాష తెలియని జనంకోసం ప్రాణం ఒడ్డేవారు మాత్రం అరుదు. అయినా చరిత్రలో అట్టివారు లేకపోలేదు.

1777లో అమెరికావారు బ్రిటిషువారితో పోరాడుతుండగా, లాఫాయెట్ అనే ఫ్రెంచి యువకుడు 19 ఏండ్ల వయసున సముద్రం దాటి వారి సైన్యంలో చేరినాడు. ఆంగ్లకవి బైరన్ గ్రీసు స్వాతంత్ర్యంకోసం వెళ్లి, 1824లో అక్కడే జ్వరంతో కన్నుమూసినాడు. 1936లో స్పెయిను ప్రభుత్వంపై సేనానులు తిరగబడగా, 50కి పైగా దేశాలనుండి సుమారు 35,000 మంది అంతర్జాతీయ దళాలలో చేరినారు. వారిలో నాగపూరు వాస్తవ్యుడు గోపాల్ ముకుంద్ హుద్దార్ ఒకరు. ఆయన జాన్ స్మిత్ అన్న మారుపేరుతో పోరాడి, 1938లో ఫ్రాంకో సేనలకు చిక్కి, ఆ యేడే విడుదలైనారు.

వీరంతా ఒక నమ్మకంకోసం, తమంత తాముగా వెళ్లినవారు. మన మైసూరు రౌతుల సంగతి వేరు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి అన్నీ ఆనాడు మైసూరు సంస్థానంలోని కోలారు జిల్లావే. మహారాజుగారి అశ్వదళం బ్రిటిషువారి పక్షాన పాలస్తీనాకు నడిచింది. 1918 సెప్టెంబరు 23న జోధపూరు, మైసూరు రౌతులు ఈటెలు పట్టి, ఫిరంగుల కెదురేగి, హైఫా పట్టణం పట్టుకొన్నారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు మూడూ మైసూరు, జోధపూరు, హైదరాబాదు దళాల జ్ఞాపకార్థం నిలిపినవే. ఆ యుద్ధం వారిది కాదు. ఆ శౌర్యం మాత్రం వారిదే.

మూడవ తెగ ఒకటి ఈ కాలంలో బయలుదేరింది. వారు నమ్మకంతో పోలేదు, రాజాజ్ఞపై పోలేదు, మోసపోయి పోయినారు. రష్యాలో సహాయకుల పని, మంచి జీతం అని దళారులు ఆశపెట్టగా, మన రాష్ట్రపు కలబురగి జిల్లానుండి, తెలంగాణలోని నారాయణపేటనుండి యువకులు వెళ్లి ఉక్రెయిను యుద్ధరంగంలో తేలినారు. 2024 మార్చిలో సి.బి.ఐ. కేసు పెట్టింది. ఆ సెప్టెంబరులో కొందరు ఇల్లు చేరినారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం, రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది. అప్పటికి 96 మంది తిరిగివచ్చినారు, 12 మంది మరణించినారు, 16 మంది జాడ తెలియలేదు.

మన తాలూకాలలోనూ చెరువులు ఎండిన యేడు పిల్లలు పరదేశపు కొలువులకు ఆశపడడం వింత కాదు. పొమ్మనవచ్చు. కాని సంతలో కుండనైనా తట్టిచూచి కొనే మనము, బిడ్డను పంపే కాగితాన్ని చదివించకుండా సంతకం పెట్టించరాదు. విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉండాలి. అది చూపమని అడగడానికి మొగమాటం వద్దు. ఒప్పందం తెలియని భాషలో ఉంటే, తెలిసినవారిచేత చదివించి అర్థం చెప్పించుకోవాలి. పాస్‌పోర్టు పరుల చేతికి ఇవ్వరాదు.

ప్రాణం ఇవ్వదలచినవాడు తెలిసి ఇస్తే అది త్యాగమవుతుంది. తెలియనివానిచేత ఇప్పించడం ద్రోహం. ఈ భేదాన్ని మన ఇండ్లలో పిల్లలకు పెద్దలే విప్పి చెప్పవలసి ఉన్నది.