మీకు తెలుసా? మందు మోసే సిలికా రేణువులు

కీమోథెరపీ మందు కణితి దగ్గరే ఆగదు, ఒళ్లంతా తిరుగుతుంది. అందుకే జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి. మందును మూటగట్టి, చేరాల్సిన చోటే విప్పగలిగితే రోగికి ఆ బాధ తగ్గుతుంది. అలాంటి మూట కోసం శాస్త్రవేత్తలు ఎంచుకున్న వాటిలో ఇసుకలో ఉండే సిలికా ఒకటి.

● పుట్టిల్లు చమురు సంస్థ: తేనెపట్టులా వరుస రంధ్రాలుండే ఎంసీఎం-41 అనే సిలికాను 1992లో లోకానికి చూపింది అమెరికా చమురు సంస్థ మొబిల్ పరిశోధకులే.

● సబ్బే అచ్చు: సబ్బులాంటి రసాయనం నీటిలో సన్నని కడ్డీలుగా గుమిగూడుతుంది. చుట్టూ సిలికా గట్టిపడ్డాక ఆ రసాయనాన్ని కాల్చేస్తే సొరంగాలు మిగులుతాయి. పంచలోహ విగ్రహం పోసేటప్పుడు మైనం కరిగిపోయి ఖాళీ మిగిలినట్టే.

● గ్రాములో పావెకరం: ఒక గ్రాము పొడిలోని సొరంగాల గోడలన్నీ పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు. అంటే పాతిక సెంట్లు, తెలంగాణ లెక్కలో పది గుంటలు! మందు అణువులు అంటుకునేది ఆ గోడలకే.

● తొలి సరుకు నొప్పి మందు: 2001లో మాడ్రిడ్‌లో మరియా వాలెట్-రెజీ బృందం ఎంసీఎం-41లో ఐబుప్రొఫెన్ నింపింది. మందు నెమ్మదిగా బయటికొస్తుందని చూపింది.

● రంధ్రానికి బిరడా: 2003లో అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కాడ్మియం సల్ఫైడ్ రేణువులను బిరడాలుగా బిగించారు. తగిన రసాయనం తగిలితేనే అవి ఊడతాయి. కణితి చుట్టూ ఉండే ఆమ్లగుణానికి తెరుచుకునే మూతలూ తయారయ్యాయి.

● జాడ కూడా చూపుతుంది: రంధ్రాల్లో గాడోలినియం అనే లోహం పెడితే ఎంఆర్ఐ స్కాన్‌లో రేణువులు చేరిన చోటు మెరుస్తుంది. నీటి అణువులు రంధ్రాల్లోకి వెళ్లి రాగలగడమే అందుకు కారణం.

● మనుషుల దాకా వచ్చింది: సిలికాతోనే చేసిన కార్నెల్ డాట్స్ అనే మెరిసే రేణువులను మనుషులపై పరీక్షించడానికి 2011లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఐదుగురు మెలనోమా (చర్మ క్యాన్సర్) రోగుల ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఈ రేణువులు మూత్రపిండాలు వడగట్టి పంపేయగలిగేంత చిన్నవి.

● ఊకలోనూ ఉంది: రైస్‌మిల్లు ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. దానితోనూ ఎంసీఎం-41 తయారుచేశారు.

● క్వారీ దుమ్ము వేరు: సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది స్ఫటిక సిలికా దుమ్ము. మందు రేణువుల్లో వాడేది స్ఫటిక రూపం లేని సిలికా. అయినా పరిమాణం, పూత, మోతాదు మార్చిన ప్రతిసారీ భద్రతను పరీక్షించాల్సిందే. మందు దింపేశాక ఈ మూట ఒంట్లో మెల్లగా కరిగి, సిలిసిక్ ఆమ్లమై మూత్రంలో వెళ్లిపోతుంది.