బక్క కోడిపిల్లకు ముందు ఏం కావాలి?

కోడిపెట్ట 21 రోజులు పొదిగాక పిల్లలు బయటికొస్తాయి. వాటిలో ఒకటి మరీ చిన్నదిగా, తూలుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. ఆకలేమోనని దాని నోట్లో నూకలు పెట్టబోతాం. అది పొరపాటు.

గుడ్డులో మిగిలిన పచ్చసొన పుట్టేముందే పిల్ల కడుపులోకి చేరుతుంది. రెండు రోజులపాటు అదే దానికి ఆహారం. అసలు ముప్పు చలివల్ల. దాని ఒంటిమీద ఉన్నది నూగే గాని ఈకలు కావు. అందుచేత శరీరపు వేడిని తానుగా నిలుపుకోలేదు. చలికి బిగుసుకున్న పిల్ల తినలేదు, తాగలేదు.

కనుక ముందు వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో పాతగుడ్డ పరచి, ఒక మూలన 40 వాట్ల ఫిలమెంటు బల్బును దేనికీ తగలకుండా పెద్దలచేత వేలాడదీయించండి. ఎల్.ఇ.డి. బల్బు చాలినంత వేడినివ్వదు. బల్బు కింద సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే చాలు. రెండో మూల చల్లగా ఉండాలి. పిల్ల గట్టిగా అరుస్తూ బల్బు కిందే ముడుచుకుంటే వేడి చాలలేదన్నమాట. నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైందన్నమాట.

తేరుకున్నాక దాని ముక్కుకొనను గోరువెచ్చని నీటిలో తాకించండి. గొంతులో మాత్రం పోయకండి, నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆ తర్వాతే మెత్తని నూకలు.

వెచ్చదనం, నీరు, తిండి. ఈ వరస తప్పకపోతే చాలా బక్కపిల్లలు బతికి బట్టకడతాయి.