నాలుగో తరగతి తరువాత ఏ బడి? గురుకులమా, నవోదయా, మన హాస్టలా?

ప్రతి సంవత్సరం వార్షికోత్సవానికి పాత విద్యార్థులం వచ్చినప్పుడు, సభ అయిపోయి భోజనాలకు కూర్చోగానే మమ్మల్ని చుట్టుముట్టే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నా, మా తమ్ముడు లెక్కలు బాగా చేస్తాడు. గురుకులంలో వెయ్యమంటారా, నవోదయ రాయించమంటారా, లేకపోతే ఇక్కడికే తీసుకురమ్మంటారా?" ఇప్పుడు మా తోటివాళ్ళే తల్లిదండ్రులయ్యారు కాబట్టి అదే ప్రశ్న "మా బిడ్డ" అని మొదలవుతోంది. నిలబడి రెండు మాటల్లో చెప్పే జవాబు కాదు ఇది. అందుకే ఈసారి సంచికలో రాసి ఇద్దామనుకున్నాము. మాలో జిల్లా పరిషత్ బడిలో పాఠాలు చెప్పేవాళ్ళున్నారు, గురుకులంలో పనిచేసేవాళ్ళున్నారు, బిడ్డను నవోదయకు పంపి ఆదివారాలు గేటు దగ్గర కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. అందరం కలిసి మాట్లాడుకున్నాకే ఇది రాస్తున్నాము.

ముందు ఒక సంగతి. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆలస్యంగా వస్తారు. పిల్లవాడు ఐదో తరగతి సగానికి వచ్చాక అడుగుతారు. గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయవలసింది నాలుగో తరగతి చదువుతున్నప్పుడే. ఆ ఏడాది దాటితే ఆ తలుపు దాదాపు మూసినట్టే. తరువాత ఖాళీలుంటే పై తరగతుల్లో కొన్ని సీట్లు నింపుతారు గానీ వాటిని నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు.

పల్లెల్లో తెలివిగల పిల్లలను ఏరి, ఉచితంగా ఉంచి చదివించాలన్న ఆలోచన మన నేలకు కొత్త కాదు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో పెట్టారు. 1980లలో దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఆ పనిలో ఎస్.ఆర్. శంకరన్ గారి పాత్ర పెద్దది. 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయ విద్యాలయాలు దేశమంతా విస్తరించాయి. వాటిలో మొదటి రెండూ 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో తెరిచారు. వీటి ఉద్దేశం గొప్పది. కాని తొమ్మిది, పదేళ్ళ పిల్లవాడి తెలివిని రెండు గంటల పరీక్షతో తూచడం మాకు మొదటినుంచీ పూర్తిగా ఒప్పుకోలేని విషయం. ఆ పరీక్షలో తేలేది ఎవరు తెలివిగలవారో మాత్రమే కాదు, ఎవరికి ముందుగా ఎవరు నేర్పారో కూడా. ఇది గుర్తుంటే సీటు రాని బిడ్డను చిన్నచూపు చూడము.

గురుకులం సంగతి. తెలంగాణలో సాంఘిక సంక్షేమ, గిరిజన, బి.సి., సాధారణ గురుకులాలన్నిటికీ కలిపి ఐదో తరగతికి ఒకే ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. వంద మార్కులు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, వీటికి తోడు పది మార్కులకు మానసిక సామర్థ్యం. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయివే. ఊరిబడి పుస్తకాలు సరిగ్గా చదివిన పిల్లవాడు దీన్ని రాయగలడు. ఎంచుకునే బడులు ఉమ్మడి జిల్లా పరిధిలోవి. చదువు ఇంగ్లీషు మీడియం. మా కాలంలో ఇదే పెద్ద భయం. ఇప్పుడు 2022-23 నుంచి ఊరిబడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చి, ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు కాబట్టి ఆ భయం కొంత తగ్గింది. సీటు వస్తే చాలా బడుల్లో ఇంటర్ దాకా కదలక్కరలేదు.

అయితే గురుకులాలన్నీ ఒక్కలా ఉండవు. 2016లో ఒక్కసారే వందకు పైగా కొత్త సాంఘిక సంక్షేమ గురుకులాలు తెరిచారు. వాటిలో చాలా అద్దె భవనాల్లో నడిచాయి. అందుకని ప్రాధాన్యతల జాబితా రాసే ముందు ఒకసారి వెళ్ళి చూసి రండి. సొంత భవనమా, మరుగుదొడ్లు ఎన్ని, నీళ్ళు ఎలా వస్తాయి, రాత్రి పూట నర్సు ఉంటుందా, ఇవి అడగండి. ప్రిన్సిపాల్ గది బయట వేలాడే ర్యాంకుల ఫ్లెక్సీ కన్నా వంటగది వెనకాల నిలబడి చూసినది ఎక్కువ చెబుతుంది. ఇక తిండి కోసమని హాస్టలు వదిలి గురుకులానికి పోనక్కరలేదు. 2024లో మెస్ ఛార్జీలు పెంచినప్పుడు హాస్టళ్ళకూ గురుకులాలకూ కలిపే పెంచారు.

నవోదయ ప్రవేశం ఆరో తరగతిలో. ఐదో తరగతి చదువుతూ పరీక్ష రాయాలి. ఒక్కసారే రాయనిస్తారు, రెండో అవకాశం లేదు. సాధారణంగా ఒక్కో విద్యాలయంలో 80 సీట్లు. అందులో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. ఎస్.సి.లకు 15 శాతానికి, ఎస్.టి.లకు ఏడున్నర శాతానికి తగ్గకుండా ఇస్తారు. పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. తెలుగులో రాయవచ్చు. 40 ప్రశ్నలు, 50 మార్కులు మానసిక సామర్థ్యానివే. అంటే బొమ్మల్లో తేడాగా ఉన్నది ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది, కాగితం మడిచి కత్తిరిస్తే ఏ ఆకారం వస్తుంది అని అడుగుతారు. మిగిలిన సగం లెక్కలు, భాష. ఈ బొమ్మల ప్రశ్నలు ఏ ఊరిబడి పాఠ్యపుస్తకంలోనూ లేవు. మన పిల్లలు ఓడిపోయేది ఇక్కడే. మూడు, నాలుగు నెలలు రోజుకు అరగంట, పాత కాగితాలు కత్తిరించి మడిచి చూపిస్తే చాలామందికి అలవడుతుంది. మన హాస్టల్లో తొమ్మిది, పదో తరగతి అన్నలు చెయ్యదగిన పని ఇది.

ఇప్పుడు అసలు ముడి. గురుకులంలో ఐదో తరగతి చేరిన పిల్లవాడు నవోదయ పరీక్ష రాయవచ్చా? రాయవచ్చు. కాని ఏ జిల్లా నవోదయకు రాస్తున్నాడో ఆ జిల్లాలోనే ఐదో తరగతి చదువుతూ ఉండాలి, నివాసం కూడా ఆ జిల్లాదే అయి ఉండాలి. గురుకులం సీటు ఉమ్మడి జిల్లాలో ఎక్కడైనా పడవచ్చు. కొత్త జిల్లాలో నవోదయ లేనంత కాలం పాత జిల్లా హద్దునే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఇన్నాళ్ళూ పెద్ద ఇబ్బంది రాలేదు. కాని 2024 డిసెంబరులో కేంద్రం తెలంగాణకు మరో ఏడు నవోదయలు మంజూరు చేసింది. కొత్త విద్యాలయం తెరిచిన జిల్లాకు కొత్త హద్దే లెక్క. ఉదాహరణకు పాత నిజామాబాద్ జిల్లా నవోదయ నిజాంసాగర్‌లో ఉంది. అది ఇప్పుడు కామారెడ్డి జిల్లా. నిజామాబాద్‌కు వేరే మంజూరైంది. నిజామాబాద్ ఊరి పిల్లవాడు కామారెడ్డి వైపు గురుకులంలో చేరితే ఇల్లు ఒక జిల్లా, బడి ఒక జిల్లా అవుతుంది. అప్పుడు ఎటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. మన పిల్లవాడికి నవోదయ ఆశ ఉంటే గురుకుల ప్రాధాన్యతల్లో సొంత జిల్లా బడులే ముందు రాయాలి.

ఇంకొక మెలిక దీనికన్నా పెద్దది. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలో చదివి ఉండాలి. ఒక్కరోజు మున్సిపాలిటీ పరిధిలోని బడిలో చదివినా పట్టణ విద్యార్థిగానే లెక్కగడతారు. మన హాస్టళ్ళలో మూడో తరగతి నుంచే చేర్చుకుంటారు కదా, అవి ఎక్కువగా పట్టణాల్లోనే కదా! కూలికి వలస పోయే తల్లిదండ్రులు బిడ్డను మూడో తరగతిలో పట్నం హాస్టల్లో వదిలితే, ఆ బిడ్డ తనకు తెలియకుండానే నూటికి 75 సీట్ల వరుసలోంచి తప్పుకుంటున్నాడు. పోటీ అంతా మిగిలిన కొద్ది సీట్లకే. ఊరిలో అవ్వ దగ్గరో పెద్దమ్మ దగ్గరో ఉండి ఐదు వరకు చదవగలిగితే అది వేరే సంగతి. లేనప్పుడు హాస్టలే మేలు. నవోదయ కోటా కోసం పిల్లవాడిని ఒంటరిగా వదలమని మేము చెప్పము.

ఈ నిబంధనల చుట్టూ వ్యాపారం కూడా పెరిగింది. ఊరిబడిలో పేరు ఉంచి, బిడ్డను పట్నంలో ఉంచుకుని ఏడాదంతా నవోదయ కోచింగ్ ఇస్తామనేవాళ్ళున్నారు. మాకు తెలిసిన ఒక తల్లి అప్పు చేసి ఫీజు కట్టింది. బిడ్డకు తొమ్మిదేళ్ళు. ఉదయం ఐదింటికి లేపేవారట. సీటు రాలేదు సరే, ఆ పిల్ల ఆ తరువాత ఏడాది పాటు లెక్కల పుస్తకం ముట్టలేదు. పైగా హాజరు ఒకచోట, బిడ్డ ఒకచోట ఉన్నట్టు తేలితే వచ్చిన సీటు కూడా పోతుంది. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ళ మాట చెప్పనే అక్కరలేదు.

గురుకులంలో ఐదు చదువుతూ నవోదయ కూడా వచ్చిందనుకోండి, కదపాలా? మాలో మాకే ఇక్కడ ఏకాభిప్రాయం లేదు. నవోదయ వైపు చెప్పాలంటే, సి.బి.ఎస్.ఇ. చదువు, ఆరు నుంచి పన్నెండు దాకా ఏడేళ్ళు ఒకేచోట, అన్ని కులాల, అన్ని వర్గాల పిల్లలతో కలిసి పెరగడం. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి కట్టాలి గానీ ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు, ఆడపిల్లలకు, దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. తొమ్మిదో తరగతిలో కొందరిని ఒక ఏడాది హిందీ ప్రాంతపు నవోదయకు పంపే పద్ధతి ఉంది. కొందరికి అదే జీవితంలో మంచి ఏడాది, కొందరికి ఇల్లు తలచుకుని ఏడ్చిన ఏడాది. గురుకులం వైపు చెప్పాలంటే, అక్కడ మన పిల్లవాడు మనవాళ్ళ మధ్య తల ఎత్తుకుని ఉంటాడు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ కుమార్ గురుకుల విద్యార్థులే. "ఎక్కడినుంచి వచ్చావు" అని ఎవరూ అడగని చోట కొందరు పిల్లలు వికసిస్తారు.

మేము ఎక్కువమందిమి మొగ్గేది ఇలా: గురుకులంలో స్నేహితులు కుదిరి, టీచర్ పేరు పెట్టి పిలిచే స్థితి ఉండి, పిల్లవాడు పోనంటే కదపవద్దు. అక్కడ కుదురుకోలేదు, లేదా బడి సరిగా లేదు అంటే నవోదయకు పంపండి. అడగవలసింది ముందు బిడ్డనే. సెలవుల్లో కాదు, బడి తెరిచి నెలయ్యాక అడగండి. సెలవుల్లో ఏ బిడ్డయినా పోనంటుంది.

రెండూ రాకపోతే? మన హాస్టలు, పక్కన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. మేమంతా వచ్చిన దారి ఇదే. ఇంటికి దగ్గర, పండక్కి బస్సెక్కి పోవచ్చు. ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకారవేతన పరీక్ష, మనం ఎన్.ఎం.ఎం.ఎస్. అంటాము, అది ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు బిడ్డ ఖాతాలో పడతాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. నవోదయ, గురుకుల పిల్లలు దీన్ని రాయలేరు. అందులో కూడా 90 ప్రశ్నలు మానసిక సామర్థ్యానివే కాబట్టి నవోదయ కోసం పడ్డ కష్టం వృథా కాదు. తొమ్మిదో తరగతిలో నవోదయ మిగులు సీట్లకు మళ్ళీ పరీక్ష ఉంది. గౌలిదొడ్డి, అలుగునూరు వంటి ప్రతిభా గురుకులాల ప్రవేశం కూడా ఆ దశలోనే. పదేళ్ళకు మూసుకున్న తలుపు పద్నాలుగేళ్ళకు తెరుచుకుంటుంది.

ప్రైవేటు బడుల్లో ప్రభుత్వం ఫీజు కట్టే బెస్ట్ అవైలబుల్ పథకం గురించి కూడా అడుగుతుంటారు. అది పరీక్ష కాదు, జిల్లాలో లాటరీ తీస్తారు. వస్తే మంచిదే. కాని 2025లో ప్రభుత్వ బకాయిలు రాలేదని కొన్ని బడులు పిల్లలను ఇబ్బంది పెట్టిన వార్తలు అందరం చదివాము. రేపు ఫీజు రాకపోతే బిడ్డను ఎక్కడ చేర్చాలో ముందే అనుకుని దిగండి.

ఇంట్లో కొడుకూ కూతురూ ఉంటే కొడుకుకు కోచింగ్, కూతురుకు ఊరిబడి అనే లెక్క మనలో ఇంకా పోలేదు. నవోదయలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలవి, సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎక్కువ ఆడపిల్లల బడులే. కూతురి దరఖాస్తు ముందు నింపండి.

కాగితాల గురించి చెప్పి ముగిస్తాము. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకోండి, చివరి వారం సర్వర్ పనిచెయ్యదు. ఆధార్‌లో, బడి రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ ఒకటే ఉన్నాయో లేదో నాలుగో తరగతిలోనే చూసుకోండి. మనవాళ్ళకు బడిలో చేర్చినప్పుడు సారు వేసిన తేదీయే పుట్టిన తేదీ కాబట్టి నవోదయ వయసు హద్దు దగ్గర చాలామంది చిక్కుకుంటున్నారు. బడి మారిన ప్రతిసారీ బోనఫైడ్ సర్టిఫికెట్ తీసి దాచండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రేపు ఉద్యోగానికి స్థానికత చూసేటప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో అడుగుతారు. ఇప్పుడు జిల్లా మారే పిల్లలకు అది మరీ అవసరం. దరఖాస్తులో ఫోన్ నంబరు ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళది కాకుండా మీది లేదా వార్డెన్ సారుది ఇవ్వండి. హాల్ టికెట్ కబురు ఆ నంబరుకే వస్తుంది.