అరేబియా సముద్రంపై పచ్చని పొర

గుజరాత్ తీరం మొదలు ఒమన్ వరకు విస్తరించిన ఉత్తర అరేబియా సముద్రం చలికాలం చివరి నెలల్లో పచ్చరంగు పులుముకుంటోంది. పగలు చిక్కని ఆకుపచ్చ, రాత్రివేళ పడవ కదిలితే నీలికాంతి. చూపులకు ముచ్చటగొలిపే ఈ దృశ్యం చేపలవేటపై ఆధారపడిన వారికి శుభసూచకం కాదు. దీనికి మూలం నాక్టిల్యూకా సింటిలాన్స్ అనే ఏకకణ జీవి.

ఏకకణ జీవి అనగానే సూక్ష్మదర్శినికి తప్ప అందదన్న అభిప్రాయం ఉంది. ఇది మాత్రం ఎదిగితే 2 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత ఉంటుంది. దీనికి సొంతంగా పత్రహరితం లేదు. చల్లని సముద్రాలలోని ఎర్ర రకం పూర్తిగా వేటాడి బతుకుతుంది. ఉష్ణజలాలలోని పచ్చ రకం తన కణంలోని నీటితిత్తిలో వేలాది సూక్ష్మ శైవలాలకు ఆశ్రయమిచ్చింది. అవి లోపలే ఈదులాడుతూ, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి యజమానికి వాటా ఇస్తాయి. యజమాని విసర్జించే అమ్మోనియా వాటికి ఎరువు. అంతటితో తృప్తిపడక నాక్టిల్యూకా ఎదురైన డయాటమ్‌లను కూడా మింగుతుంది. రెండు చేతులా ఆర్జించే సంసారమన్నమాట!

సముద్రంలో ఇటువంటి కాపురాలు కొత్త కావు. కొన్ని డయాటమ్‌లలో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా నివసిస్తుంది. మరొక శైవలంలో అటువంటి బాక్టీరియా ఏకంగా కణాంగంగా మారిపోయిందని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

నాక్టిల్యూకాలోని అతిథిని గుర్తించి నామకరణం చేసిన ఘనత మన దేశానిదే. కాలికట్ సమీపంలో సముద్రం పచ్చబారినప్పుడు పరిశీలించిన ఆర్. సుబ్రహ్మణ్యన్ 1954లో దానికి ప్రోటోయూగ్లీనా నాక్టిల్యూకే అని పేరు పెట్టారు. ఆయన దానిని యూగ్లీనా వర్గంలో చేర్చడం పొరపాటని తేలడంతో 1976లో అమెరికన్ శాస్త్రవేత్త బియాట్రిస్ స్వీనీ వర్గాన్నీ, పేరునూ మార్చారు. అయితే 2016లో జన్యువులను పరిశీలించిన పరిశోధకులు అది ప్రత్యేక ప్రజాతి అని నిర్ధారించి సుబ్రహ్మణ్యన్ పెట్టిన పేరునే పునరుద్ధరించారు. వర్గం విషయంలో పొరబడినా పేరు విషయంలో ఆయనే నెగ్గారు.

ఇక అసలు సమస్య. 1990వ దశకంలో అంతర్జాతీయ నౌకాబృందాలు అరేబియా సముద్రాన్ని గాలించినప్పుడు చలికాలపు పంట ప్రధానంగా డయాటమ్‌లదే. వాటిని సూక్ష్మ కీటకప్రాయమైన ప్రాణులు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తినేవి. 2000 తరువాత డయాటమ్‌ల స్థానాన్ని నాక్టిల్యూకా ఆక్రమించసాగింది. దీనిని తినేవి సాల్ప్‌లు, జెల్లీచేపలు వంటి కొన్ని మాత్రమే. ఆహారపు గొలుసు చేప దాకా చేరకుండానే తెగిపోతుంది. గుజరాత్, మహారాష్ట్ర మత్స్యకారులకే గాక పాకిస్తాన్, ఒమన్ వారికి కూడా ఇది జీవనసమస్య. ఒమన్‌లో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారాలకూ ఈ పొర బెడదే.

ఈ మార్పునకు కారణమేమిటన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. సముద్రంలో ప్రాణవాయువు కొరవడిన జలాలు పైకి చేరుతున్నాయని, అటువంటి నీటిలో ఈ జోడీ మరింత చురుకుగా పెరుగుతుందని హెల్గా గోమ్స్, జోక్విమ్ గోస్ ప్రభృతులు 2014లో ప్రతిపాదించారు. హిమాలయ, టిబెట్ ప్రాంతాలలో మంచు తరిగి చలిగాలులు బలహీనపడటం వల్ల అడుగునీటి పోషకాలు పైకి రావడం తగ్గిందని, అతిథుల సంపాదన గల నాక్టిల్యూకాకు అది కలిసివచ్చిందని 2020లో గోస్ బృందమే వివరించింది. కాగా హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్ శాస్త్రజ్ఞులు 2018లో ప్రచురించిన పరిశోధన తీరానికి దూరంగా జరిగే విజృంభణలకు ప్రాణవాయు లోపంతో సంబంధం లేదని పేర్కొంది. ఉభయపక్షాలూ కొలతలు చూపుతున్నందున వివాదాన్ని తేలికగా కొట్టివేయడానికి వీల్లేదు.

మన్నార్ సింధుశాఖలో మాత్రం నష్టం కళ్లెదుటే జరిగింది. 2019లో అక్కడ నాక్టిల్యూకా విజృంభించి, నశించి, కుళ్లినప్పుడు నీటిలో ప్రాణవాయువు లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గిపోయింది. చేపలతోపాటు, కదలలేని పగడాలూ ఊపిరాడక చనిపోయాయి.

సముద్రపు రంగును ఉపగ్రహాల ద్వారా గమనించి ఇన్‌కాయిస్ శైవల విజృంభణల సమాచారం అందిస్తోంది. ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరం దాని నిఘాలో ముఖ్యమైనవి. వీటిలో చివరిది మన ఇచ్ఛాపురానికి పొరుగునే ఉంది. మేఘాలు కమ్మితే ఉపగ్రహానికి సముద్రం కనిపించదు. అరేబియా సముద్రంపై చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది గనుక అక్కడ ఇబ్బంది స్వల్పమే. మన్నార్‌లో 2019 నాటి ఉపద్రవం వచ్చింది సెప్టెంబర్‌లో, రుతుపవనాల కాలంలో.