‘మా’ అనాలా, ‘మన’ అనాలా?

పరదేశానికి సువార్త తీసుకొని వెళ్లిన సేవకుడు మొదటి వారాల్లో ఏమి చేస్తాడనుకుంటున్నారు? ప్రసంగాలా? కాదు. చిన్నపిల్లవాడిలా అక్షరాలు దిద్దుకుంటాడు.

మన బందరునే చూడండి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లండు నుండి వచ్చారు. ఒకరు కేంబ్రిడ్జిలో, ఒకరు ఆక్స్‌ఫర్డులో చదివినవారు. అయినా తెలుగు మొదటి నుండి నేర్చుకోవలసిందే. సి.పి. బ్రౌన్ వ్యాకరణం అంతకు ముందు ఏడాదే అచ్చయింది. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 దాకా రానేలేదు.

ఇంగ్లీషువారికి పెద్ద చిక్కు, నా లెక్కలో, ఒక చిన్న మాట. వారి ‘వుయ్’కి మనకు రెండు మాటలున్నాయి. ‘మేము’ అంటే వినేవారు అందులో లేరు, ‘మనము’ అంటే ఉన్నారు. ఇప్పుడు ఆ సేవకుడు మోకరించి, “దేవా, మన పాపాలు క్షమించు” అన్నాడనుకోండి. దేవుణ్ణి కూడా పాపుల్లో కలిపేశాడు! అందుకే ప్రభువు నేర్పిన ప్రార్థన తెలుగులో ‘మా’ అంటుంది. లేచి సంఘం వైపు తిరిగాక మాత్రం ‘మన పాపాలు’ అనాలి. అక్కడ ‘మీ’ అంటే తాను తప్పించుకున్నట్టే కదా!

నోబుల్ గారు బడి తెరిచింది 1843లో. నేటి నోబుల్ కాలేజీకి మొదలు అదే. ఫాక్స్ గారు 1848లో ఇంగ్లండులో చనిపోయారు. నోబుల్ గారు 1865లో బందరులోనే కన్నుమూశారు.