చుక్కల తాబేళ్ల ఊళ్లో 'టర్న్ టర్టిల్'

మీకు తెలుసా? నడిరోడ్డు మీద లారీ బోల్తా పడితే ఇంగ్లిష్ పేపర్లో దానికి తాబేలు తోడొస్తుంది! 'ద లారీ టర్న్‌డ్ టర్టిల్' అని అచ్చులో చూసే ఉంటారు. ఆ మాటను తప్పు లేకుండా రాయడం నేర్చుకోవాలంటే తాబేలే దేవుడైన ఊరికి మించిన బడి ఏది? పదండి శ్రీకూర్మం!

మీకు తెలుసా? శ్రీకాకుళం పక్కనున్న ఈ గుళ్లో మూలవిరాట్టే కూర్మం. ఇలాంటి గుళ్లు దేశంలో బహు అరుదు. స్వామి చూపు పడమటికి, ధ్వజస్తంభాలు రెండు! మందర పర్వతం సముద్రంలో మునిగిపోతుంటే వీపు ఒడ్డినవాడు ఈయనే. అంత కొండా బోల్తా పడలేదు!

మీకు తెలుసా? గుడి ఆవరణలో పెరిగే నక్షత్ర తాబేలును ఇంగ్లండువాడు 'టర్టిల్' అనడు. సముద్రంలో ఈదేది టర్టిల్, నేల మీద నడిచేది టార్టాయిస్. బోల్తాకు మాత్రం టర్టిలే. 'టర్న్‌డ్ టార్టాయిస్' అని రాశారో, గుండుసున్నా!

మీకు తెలుసా? ఈ మాట పుట్టింది ఓడ కళాసీల ఆకలిలోంచి. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన సముద్రపు తాబేలును వెల్లకిలా తిప్పేసేవారు. అంతే, అది మళ్లీ తిరగలేదు, పారిపోలేదు. మొదట్లో 'టర్న్ టర్టిల్' అంటే తాబేలును అలా పట్టడమే. 19వ శతాబ్దంలో అది ఓడ తిరగబడటానికి పేరయింది. తాబేలు ఉసురు ఓడకే తగిలింది!

మరి రాసేదెలా? 'టర్టిల్' ముందు 'ఎ' పెట్టకండి. 'టర్న్‌డ్ ఎ టర్టిల్' అంటే ఎవరో తాబేలును తిప్పారని. 'టర్న్‌డ్ ఇంటు ఎ టర్టిల్' అంటే పడవే తాబేలుగా మారిపోయిందని. అది మాయలఫకీరు పని! పది పడవలు తిరగబడినా 'టర్టిల్స్' కాదు, టర్టిలే. తిరగబడినదే వాక్యానికి కర్త: 'ద బోట్ టర్న్‌డ్ టర్టిల్ ఇన్ ద స్టార్మ్'. తుపానును ముందు పెట్టి 'ద స్టార్మ్ టర్న్‌డ్ టర్టిల్ ద బోట్' అన్నారో, పడవ కన్నా ముందు వాక్యం మునుగుతుంది! ఇంకొక్క మాట. బస్సు గోతిలోకి ఒరిగితే ఈ మాట చెల్లదు. చక్రాలు ఆకాశం చూడాలి!

మీకు తెలుసా? బ్రిటిష్ నిఘంటువులు ఈ మాటను ముఖ్యంగా పడవలకే ఇచ్చాయి. మన పేపర్లు లారీకి, బస్సుకి, ట్రాక్టరుకి కూడా పంచాయి. ఆటో ఏం పాపం చేసింది? దానికీ ఇచ్చాయి!

మీకు తెలుసా? అసలు విడ్డూరం ఇప్పుడొస్తుంది. 2006లో హంగరీకి చెందిన గాబోర్ డొమోకోష్, పీటర్ వార్కొన్యి ఓ వింత ఆకారం తయారుచేశారు. పేరు గోంబోట్స్. ఎలా పడేసినా దొర్లి దొర్లి ఒకే తీరున నిలబడుతుంది. అడుగున బరువేమీ పెట్టలేదు, అంతా ఆకారం మహిమే. ఆ తర్వాత తాబేటి డిప్పలు కొలిచి చూస్తే, దానికి బాగా దగ్గరగా తేలిన వాటిలో ఒకటి మన నక్షత్ర తాబేలు! దాన్ని వెల్లకిలా పడేసినా డొప్ప ఆకారమే ఒక పక్కకు దొర్లిస్తుంది, కాస్త కాళ్లు ఆడిస్తే చాలు లేచి కూర్చుంటుంది. ఇంగ్లిష్ నుడికారానికి మన చుక్కల తాబేలు చుక్కెదురు!

మీకు తెలుసా? 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో 'టర్టిల్' అంటే గువ్వ! ఇక 'మాక్ టర్టిల్ సూప్'లో ఉడికేది దూడ తలకాయ. తాబేలు బతికిపోయింది!

మీకు తెలుసా? శ్రీకాకుళం తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఒక్కోటి ఒక్క కాన్పులో దాదాపు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. పురుళ్లూ లేవు, బారసాలా లేదు!

నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే అదృష్టమని ఎవరైనా చెబితే నమ్మకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారానికీ తలుపు మూశారు. పోలీసులొస్తే బెయిలు కోసం పరుగే, అక్కడ తాబేటి నడక పనికిరాదు!